మెయిలుకి ఎక్కించి లోకల్‌కి దించిన రొట్టె

ముందుగా ప్రమాణం. మా రైల్వే క్వార్టర్ల పిల్లల్లో ఒట్టు వెయ్యడానికి ఒక పద్ధతి ఉండేది. అమ్మ మీద ఒట్టు, దేవుడి మీద ఒట్టు మా దగ్గర చెల్లేవి కావు. యార్డు అవతల తుప్పు పట్టిన సైడింగు పట్టా మీద కుడి అరచెయ్యి ఆనించి చెప్పాలి. చెప్పింది అబద్ధమైతే ఆ పట్టా మీద వచ్చే తరువాతి బండి ఆ సంగతి ఊరంతటికీ కూసి చెబుతుందని నమ్మకం. ఆ సైడింగు మీద బండి వచ్చి ఎన్నో ఏళ్ళయింది గనుక ఒట్టు వేసిన ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఇప్పుడు నా ముందు పట్టా లేదు, వంటింటి గట్టు ఉంది. దాని మీదే చెయ్యి ఆనించి రాస్తున్నాను. ఇందులో ప్రతి ముక్కా నిజం.

ఇంత ప్రమాణం ఎందుకంటే మా అమ్మాయి వల్ల. మొన్న ఆదివారం అది కేకు చేసింది. పిండి గిన్నె ఓవెన్‌లో పెట్టి, ఫోన్‌లో టైమరు నొక్కి, వెళ్ళి హాయిగా పడుకుంది. ఫోను కుయ్యిమనగానే లేచి వచ్చి దించింది. దించుతూ, "నాన్నా, మీ చిన్నప్పుడు టైమరు లేదు కదా, ఎప్పుడు దించాలో ఎలా తెలిసేది?" అంది. "రైళ్ళని బట్టి" అన్నాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ దాని వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. మా ఇంట్లో నేను నోరు తెరిచినప్పుడల్లా ఆడవాళ్ళు ఆ చూపు ఇచ్చిపుచ్చుకుంటారు. అందుకే ఈసారి నోటితో కాకుండా రాతలో చెబుతున్నాను.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వారమంతా వర్క్‌షాపు సైరనే మా ఇంటిని నడిపించేది. సైరను కూస్తే నాన్న లేవడం, మళ్ళీ కూస్తే సైకిలు ఎక్కడం. ఆదివారం మాత్రం సైరను ఉండదు. ఆ రోజు అందరం కలిసి కూర్చుని ఫలహారం తినే రోజు. అమ్మ పూరీలు చేసేది, లేదంటే ఆ ఊరివాళ్ళ లాగే మరమరాల్లో ఉల్లిపాయలు, ఆవనూనె, పచ్చిమిరపకాయలు కలిపి పెట్టేది. నాన్న తినేవాడు గానీ తింటూ నిట్టూర్చేవాడు.

"మా అమ్మ రొట్టి తిన్న నోటికి ఈ పూరీలేటానతాయి?"

"అయితే మీ అమ్మనే తెచ్చుకో. మజ్జిన నా పూరీలేటి సేసినాయి నిన్ను?" అనేది అమ్మ.

నాయనమ్మ రొట్టె గురించి నాన్న చెప్పిన సంగతులు విని విని నాకు ఆ రొట్టె ఒక చుట్టంలాగా అయిపోయింది. శ్రీకాకుళం వైపు సముద్రం దగ్గరి పల్లెలో, ఆదివారం పొద్దున్న నాయనమ్మ మినపరొట్టె కాల్చేది. మినపపప్పు ముందు రోజే నానేసి, రోట్లో గట్టిగా రుబ్బి, బియ్యపు నూక కలిపి, మందపాటి మూకుట్లో అరచేతి మందాన పోసి, మూత పెట్టి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు. అది పైన ఎర్రగా పెళుసుగా, లోపల దూదిలా కాలాలి. ముక్కలు కోసి, ఏలకులు దంచి వేసిన వేడి బెల్లం పానకంలో ముంచుకుని తినాలి. తాతకీ, నాన్నకీ, ఆ వీధిలో ఆ వేళకి పనున్నట్టు నటిస్తూ వచ్చిన వాళ్ళకీ అందరికీ ముక్క దక్కేదట.

తాత పోయిన తరువాత నాన్న ఊరెళ్ళి నాయనమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక పొత్రం. రోలు ఎక్కడైనా దొరుకుతుంది గానీ చేతికి అలవాటైన పొత్రం దొరకదని ఆవిడ వాదన. ఆ రుబ్బురోటి రాయిని పాత చీర ముక్కలో చుట్టి, రైల్లో ఒళ్ళో పడుకోబెట్టుకుని వచ్చింది. దారిలో టికెట్ కలెక్టరు వచ్చి, పసిబిడ్డకి ఎన్నేళ్ళని అడిగాడట. "నాకన్నా పెద్దది బాబూ, మా అత్త కాలం నాటిది" అందట నాయనమ్మ. ఆయన మారుమాట్లాడకుండా పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ వచ్చిన వారంలోనే నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ భూమి మీద నా మాటలు వినడానికి పుట్టిన మనిషి ఆవిడే. యార్డులో ఒక కాకి చలికాలంలో ఇంజను పొగగొట్టం పక్కన గూడు కట్టి గుడ్లు పొదుగుతోందని చెప్పాను. నాన్నైతే నెత్తిన మొట్టేవాడు. నాయనమ్మ తమలపాకు మడుస్తూ, "మరి గుడ్లు ఉడికిపోవేటి నాయినా?" అంది. ఆలోచించి, ఇంజను నీళ్ళు తాగడానికి ఆగినప్పుడే కాకి కూర్చుంటుందని చెప్పాను. "మరి ఇంజను బయల్దేరినాక?" అంది. అలా ఒక్కొక్క ప్రశ్నే వేసేది. ఆవిడ ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటూ పోతే చివరికి నా కాకి నిజం కాకి కన్నా బాగా తయారయ్యేది. ఇప్పటికీ నేను చెప్పేవి నలుగురు వింటున్నారంటే ఆ చదువు ఆవిడ దగ్గర చదివిందే.

అసలు సంగతికి వస్తాను. వచ్చిన తొలి ఆదివారం నాయనమ్మ రొట్టె పెట్టింది. అది పచ్చిగా వచ్చింది. మలి ఆదివారం మాడింది. ఆ పై ఆదివారం కింద మాడి పైన పచ్చిగా, రెండూ కలిసి వచ్చాయి.

తప్పు చేతిది కాదు. ఊళ్ళో వంటింటి వాకిలి తూర్పుకి. పొద్దున్న ఎండ గడప దాటి లోపలికొచ్చి, మెల్లగా పాకుతూ రోటి మీదికి ఎక్కేసరికి రొట్టె కాలినట్టు లెక్క. మా క్వార్టరు వంటింటికి ఉన్న ఒక్క కిటికీ బొగ్గుల కొట్టు గోడకి ఎదురుగా ఉండేది. అందులోంచి పొగ వచ్చేది, పక్కింటి పోపు ఘాటు వచ్చేది, ఎండ మాత్రం ఎప్పుడూ రాలేదు.

"గడియారం సూసుకో అమ్మా" అన్నాడు నాన్న. ఆయనకి ఏదో ఆటల పోటీలో బహుమతిగా వచ్చిన గడియారం ఒకటుండేది. అది వెల్లకిలా పడుకోబెడితేనే నడిచేది.

"గడియారానికి ఆకలేస్తాదేటి నాయినా, రొట్టి ఎప్పుడు కాలిందో దానికి తెలడానికి?"

"పోనీ మజ్జిలో మూత తీసి సూడు అత్తా" అంది అమ్మ.

"ఓలమ్మ, మూత తీస్తే రొట్టి అలుగుతాది. అలిగిన రొట్టి మరి పొంగదు."

ఆ మూడో ఆదివారం నాన్న తన ముక్క "బాగుందమ్మా" అంటూ చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. దాన్ని వీధికుక్కకి వేశాడు. ఆ కుక్క వాసన చూసి, కాలితో మట్టి తవ్వి, రొట్టెని పాతిపెట్టి, పైన మట్టి కప్పింది. నాన్న వెయ్యడం, కుక్క పాతిపెట్టడం, రెండూ నాయనమ్మ కిటికీలోంచి చూసింది.

సాయంత్రం నాన్న పక్కన కూర్చుని మెల్లగా అంది. "నన్నంపీ నాయినా."

"ఏటైందమ్మా?"

"ఏటీ అవనేదు. అదే నా బాధ. నీ పెళ్ళాం వంట సేసుకుంటాది, నువ్వు పన్లోకెల్తావు, గుంటడు ఇస్కూలికెల్తాడు. నానేటి సెయ్యాల? వారానికోపాలి రొట్టి కాల్సి పెడదునంటే అది కుక్కకి కూడా ఆనటం నేదు. అక్కడ మా తమ్ముడి వాకిట్లో ఒక గదుంది. నా రొట్టి అక్కడే కాలతాది."

 నాన్న, రైలు పాసు రాయిస్తాననీ, తీసుకెళ్ళడానికి తన మావయ్యకి కబురు పెడతాననీ అన్నాడు. ఆవిడ వెళ్ళిపోవాలనుకుంటోందని ఆయన నమ్మాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే పంపించెయ్యాలనే ఉందని ఆవిడ నమ్మింది. నేను గుమ్మం వెనక నిలబడి ఇద్దరి ముఖాలూ చూశాను. నా కాకి సంగతి ఇంకా తేలనేలేదు. ఆవిడ వెళ్ళిపోతే నేను ఎవరికి చెప్పుకోవాలి?

ఆ రోజుల్లో సాయంత్రాలు మేమిద్దరం పెరటి మెట్టు మీద కూర్చుని బండ్ల కూతలు వినేవాళ్ళం. బండిని చూడకుండా ఏ బండో చెప్పడం మా క్వార్టర్ల పిల్లలకి పాలతో వచ్చిన విద్య. అది నాయనమ్మకీ నేర్పాను. ఆవిడ పేర్లు పెట్టుకునేది కాదు, గొంతులు గుర్తుపట్టేది. "జలుబు సేసినట్టు కూసేది మెయిలు. కోడలి మీద కోపమొచ్చిన అత్తలాగ అరిసేది లోకలు" అనేది.

తరువాతి ఆదివారం ఆవిడ రొట్టె పెట్టనే లేదు. అమ్మ పానకం కాచి, "అత్తా, బెల్లం కరిగిపోయింది. రొట్టి నేకుండా పానకమేటి సేసుకుంటాం?" అని పోరు పెడితే, ఆపై ఆదివారం లేచి పిండి రుబ్బింది. మూకుట్లో పిండి పోసి మూత పెట్టిన క్షణానే, దక్షిణం నుంచి వచ్చే మెయిలు జలుబు గొంతుతో కూసింది. నేను పక్కనే ఉన్నాను. నా నోరు ఊరుకోదు కదా. "నాయనమ్మా, మెయిలు కూసినప్పుడు పెడితే, హౌరా లోకల్ కూసినప్పుడు దించాలి. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు" అన్నాను. ఎవరూ అలా చెయ్యరు. అప్పటికి నోటికొచ్చింది అన్నానంతే.

ఆవిడ నా ముఖంలోకి చూసి, ఎప్పటిలాగే ప్రశ్నలు మొదలుపెట్టింది. "లోకలు రోజూ ఆ ఏళకే ఎల్తాదా?"

"వెళ్తుంది. ఆలస్యమైతే హౌరాలో ఆఫీసు బాబులు ఊరుకోరు."

"ఆదోరం ఆఫీసేటి?"

 ఆవిడ నవ్వి, పీట జరుపుకుని కుంపటి ముందు కూర్చుంది. ఆ రోజు లోకల్ కూసేదాకా ఆ వంటింట్లో ఎవరం కదలలేదు. కూత వినపడగానే నాయనమ్మ మూత మీది నిప్పులు పట్టకారుతో తీసి, మూత ఎత్తింది.

నా జీవితంలో చాలా చోట్ల చాలా తిన్నాను. ఆ మూత కింద నుంచి వచ్చిన వాసన లాంటిది మళ్ళీ తగల్లేదు. వేగిన మినపపిండి, నెయ్యి, పక్క గిన్నెలోంచి బెల్లం, ఏలకులు, వీటన్నిటి మీదా కాస్త బొగ్గు పొగ. రొట్టె మూకుడంతా పొంగి, ఇటుకరాయి రంగులో ఉంది. కత్తి దిగుతుంటే కరకరమంది, లోపలికి వెళ్ళాక చప్పుడే లేదు. నాన్న మొదటి ముక్క పానకంలో ముంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు కుక్క వచ్చి పెరటి గుమ్మంలో కూర్చున్నా దానికి ఏమీ దొరకలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో అదే పద్ధతి. మెయిలుకి ఎక్కించడం, లోకల్‌కి దించడం. మేమంతా కాకీమా అని పిలిచే పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ మొదట వాసనకి వచ్చింది, తరువాత గిన్నెతో వచ్చింది. శీతాకాలం మొదలవగానే తాల్‌బగీచాలో ఉండే తన అన్నగారింటి నుంచి కొత్త ఖర్జూర బెల్లం ఒక కుండెడు తెచ్చి ఇచ్చింది. నాయనమ్మ దాన్ని వేలితో నాకి, కాసేపు ఆలోచించి, సగానికి సగం మా బెల్లంలో కలిపింది. ఆ పానకం రంగు చూస్తే సాయంకాలం ఆకాశం గిన్నెలో పోసినట్టుండేది. చాలా బాగుందని, "ఖూబ్ భాలో, మాశీమా" అనేది కాకీమా. "తిను తల్లీ, ఇంకోటి ఉంది" అనేది నాయనమ్మ. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. ఆదివారాలు గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు.

ఒక ఆదివారం ఆ వాసనకి ఒక గూడ్సు బండి మా క్వార్టర్ల వెనక నిలబడిపోయింది. సిగ్నలు పచ్చగానే ఉంది. గార్డు దిగి, గోడ మీంచి తల పెట్టి, ఏం వండుతున్నారని అడిగి మరీ వెళ్ళాడు. ఒట్టు.

ఈ సందట్లో, నాన్న తన మావయ్యకి పెట్టిన కబురు మాట అందరూ మరిచిపోయారు. కబురు మాత్రం మరిచిపోలేదు. ఒక శనివారం సాయంత్రం నాయనమ్మ తమ్ముడు చేతిసంచీతో గుమ్మంలో దిగాడు. నేను ఆయన్ని చిన్నతాత అనేవాణ్ణి. ఆయన ఉత్సాహానికి అంతులేదు. "అక్కా, గదికి సున్నం ఏయించినాను. కుంపటి పెట్టుకోడానికి అరుగు కూడా కట్టించినాను. రేపు సాయంత్రం బండికి ఎల్లిపోదాం" అన్నాడు.

 నాన్న నోరు తెరిచి మూశాడు. నాయనమ్మ ఆయన ముఖం చూసి, ఆ మూసిన నోటికి తనకు తోచిన అర్థం తీసుకుంది.

"రేపు రొట్టి పెడతాను" అంది తమ్ముడితో. "బాగా ఒస్తే ఈ ఊరు నన్నుండమన్నట్టు. మాడితే ఎల్లమన్నట్టు. అప్పుడు నీ కూడా ఒచ్చేస్తాను."

"అత్తా, రొట్టినడుగుతావేటి, మమ్మల్నడక్క?" అంది అమ్మ.

"మిమ్మల్నడిగితే ఉండమనే అంటారు పిల్లా. రొట్టికి మొకమాటం ఉండదు."

ఆ రాత్రి నేను దేవుడికి మొక్కలేదు. రైల్వేకి మొక్కాను.

తెల్లారి లేచేసరికి ఊరు లేదు. ఖరగ్‌పూర్‌లో శీతాకాలపు పొగమంచు దిగితే చేతికున్న వేళ్ళు కూడా అద్దెకి తెచ్చినట్టుంటాయి. అయినా మెయిలు వేళకే వచ్చింది, జలుబు గొంతుతో కూసింది. నాయనమ్మ మూకుట్లో పిండి పోసి, మూత పెట్టి, పైన నిప్పులు పేర్చి, పీట మీద కూర్చుంది. అందరం లోకల్ కోసం చెవులు పెట్టాం. మంచు ఇంకా చిక్కబడింది. ఎప్పుడూ కూసే వేళకి లోకల్ కూయలేదు. స్టేషను వైపు నుంచి అసలు ఏ చప్పుడూ లేదు. చిన్నతాతకి మాత్రం ఈ గొడవేమీ తెలియదు. "ఏటక్కా, అందరూ ఎవులి కోసం సూస్తన్నారు?" అని అడుగుతున్నాడు. నాన్న లేచి గడియారం దగ్గరికి వెళ్ళాడు. రాత్రి సామాను సర్దుతూ దాన్ని ఎవరో గోడకి నిలబెట్టారు. అది ఎప్పుడో ఆగిపోయి ఉంది.

"దించేస్తావా అత్తా?" అంది అమ్మ.

"బండి కూయనేదు కదా" అంది నాయనమ్మ. పంతం పట్టిన మనిషి.

నేను పెరటి గుమ్మంలోంచి జారుకుని యార్డు వైపు పరిగెత్తాను. మా ఎదురు క్వార్టరు డ్రైవరు తాత షంటింగు ఇంజను నడిపేవాడు. ఒంగోలు వైపు నుంచి ఎప్పుడో తాతల కాలంలో వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఆదివారం డ్యూటీ పడితే గుడికి వెళ్ళలేకపోయానని ఆయనకి ఆ రోజంతా చిరాకు. అలాంటి ఒక చిరాకు పొద్దున్నే వెళ్ళి అడిగాను. మంచులో ఆవిరి కక్కుతూ నల్లటి ఇంజను కనబడింది. పైనుంచి ఆయన తల బయటికి వచ్చింది.

"ఎవుడ్రా అది? నువ్వా? పట్టాల మీదికి రావొద్దని ఎన్నిసార్లు సెప్పినాను?"

"తాతా, ఒక్క కూత కుయ్యవా?"

"కూతంటే ఆటేట్రా? పొట్టి కూతకో అర్థం, పొడుగు కూతకో అర్థం. పనేటి నీకు కూతతోటి?"

చెప్పాను. రొట్టె, మెయిలు, లోకల్, చిన్నతాత, గదికి వేయించిన సున్నం, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను. బొగ్గు వేసే మనిషి పార మీద వాలి విన్నాడు. ఆయనకి తెలుగు రాదు. విన్నంతసేపూ విని, పిల్లాడు ఏడ్చేస్తాడు, కూత ఇచ్చెయ్యమని, "దే దీజియే చాచా, బచ్చా రో దేగా" అన్నాడు.

డ్రైవరు తాత గడ్డం గోక్కున్నాడు. "ఎలాగూ ఇంజను కదపాల. కదిపే ముందు కుయ్యాల. అది రూలే. అయితే ఎప్పుడు కుయ్యాల? రొట్టి పెట్టి ఎంతసేపైంది?"

"తెలీదు."

"ఇంకా ఎంతసేపు కాలాల?"

"తెలీదు తాతా."

"మరేటి తెలుసురా నీకు? సరే, పైకెక్కు. మా ఇంటిది ఆదోరం కూర పాటల లెక్కన వండుతాది. పెద్ద పాటకి మాంసం, సిన్న పాటకి గుడ్లు. నీ రొట్టి మందమెంత?"

అరచెయ్యి చూపించాను. ఆయన నా అరచేతిని తన నల్లటి వేళ్ళతో పట్టుకుని మందం చూశాడు. "సగం కాలిపోయుంటాది. ఒక్క పాట పాడితే సరి" అని, కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. గుళ్ళో పాడే పాట. ఇంజను బుస కొడుతోంది, బొగ్గు మనిషి పారతో ఇనుము మీద తాళం వేస్తున్నాడు, మంచులో ఆ పాట ఎటూ పోలేక మా చుట్టూనే తిరుగుతోంది. పాట అయ్యాక డ్రైవరు తాత తాడు అందుకున్నాడు. ఆ కూతకి యార్డులో పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

నేను ఇంటికి చేరేసరికి నాయనమ్మ మూత ఎత్తింది. రొట్టె ఇటుకరాయి రంగులో, ఎప్పుడూ లేనంత ఎత్తుకి పొంగి, మూకుడు దాటి చూస్తోంది. చిన్నతాత ముక్క మీద ముక్క తిని, అరుగు మీద ఒరిగిపోయి, ఇలాంటి రొట్టె వచ్చే ఊరు నుంచి నిన్ను తీసుకెళ్తే పాపం తగులుతుందన్నాడు. నాయనమ్మ ఉండిపోయింది.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ చెయ్యి ఇంకా గట్టు మీదే ఉంది, మా అమ్మాయి భుజం మీంచి చదువుతోంది. కనుక ఒప్పుకుంటున్నాను. ఇందులో ఒక్క ముక్క నా కల్పన. ఏదో మీరు ఊహించి ఉంటారు. పొత్రానికి వయసు అడగడమా? అది నిజం. గూడ్సు ఆగడం నిజం. డ్రైవరు తాత పాడింది నిజం, ఇంజను కూసింది నిజం. నేను కల్పించింది ఆ రొట్టె ఒక్కటే. అది బాగా రాలేదు.

డ్రైవరు తాత ఒక పాటతో ఆపలేదు. గుడికి వెళ్ళలేని మనిషికి పాట అంత తొందరగా ఆగుతుందా? రెండోది అందుకున్నాడు. నాకూ గుర్తు రాలేదు, నేనూ పాడుతున్నాను. ఇంజను కూసేసరికి చాలా ఆలస్యమైపోయింది. నేను పెరట్లోకి వచ్చేసరికి ఇల్లంతా పొగ. మూకుట్లో రొట్టె మా ఇంజను రంగులో ఉంది. నాయనమ్మ దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నతాత దగ్గుతూ, "మాడిపోయింది కదక్కా. మరి సర్దుకుందామా?" అంటున్నాడు.

"ఎక్కడికెల్లినావురా?" అంది ఆవిడ నన్ను చూసి.

చెప్పాను. అప్పటికి నా జీవితంలో ఒక్క ముక్క కలపకుండా చెప్పింది అదే. నాన్న, "మళ్ళీ మొదలెట్టినాడు" అన్నాడు. నాయనమ్మ మాత్రం అడుగుతూ పోయింది. డ్రైవరు ఏ గొంతుతో పాడాడు, బొగ్గు మనిషి ఏం చేశాడు, నువ్వెక్కడ నిలబడ్డావు. అన్నీ విని తమ్ముడి వైపు తిరిగింది.

"నిజమే సెప్తన్నాడురా."

"నీకెలా తెలుసక్కా?"

"అబద్ధమైతే ఇంజను సరైన ఏళకే కూసుండును. నా రొట్టి బంగారంలాగ ఒచ్చుండును."

చిన్నతాతకి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ, మాడితే వస్తానన్నావు కదా అన్నాడు. నాయనమ్మ ఆ నల్ల రొట్టెని చూసింది.

"దీనికేటి తెలుసురా, దీని కోసం ఇంజను కూసిందని?" అంది. తరువాత అమ్మ వైపు చూసి అడిగింది, "ఏటి పిల్లా, ఉండమంటావా?"

"నువ్వెల్తే ఆ పొత్రాన్ని నానేటి సేసుకోను? నాకది తిప్పడం కూడా రాదు" అంది అమ్మ, కళ్ళు పొగ వల్లే మండుతున్నట్టు తుడుచుకుంటూ.

నాన్న పెరట్లోకి వెళ్ళి, అంతకు ముందే కడుక్కున్న ముఖాన్ని మళ్ళీ కడుక్కున్నాడు. లోపలికి వచ్చి కత్తి తీసుకుని, మాడిన చెక్క గీకడం మొదలుపెట్టాడు. లోపల పిడికెడంత మెత్తటి భాగం మిగిలింది. అందరం పంచుకున్నాం. పానకం మాత్రం కావలసినంత ఉంది.

నాయనమ్మ ఆ తరువాత చాలా ఏళ్ళు మాతోనే ఉంది. ఆవిరి ఇంజన్లు వెళ్ళిపోయాయి, మెయిలు గొంతు మారింది, లోకల్ వేళలు మారాయి. మారినప్పుడల్లా ఒకటి రెండు రొట్టెలు మాడేవి, ఆవిడ కొత్త కూత వెతుక్కునేది. కొన్నాళ్ళు ఝపటాపూర్ వైపు నుంచి పాలవాడి సైకిలు గంట మీద కూడా కాల్చింది. ఇక్కడిదాకా చదివాక, ఈ ఆదివారం కేకు మాట పక్కన పెట్టి నేనూ మా అమ్మాయీ రొట్టె పెట్టాం. మా ఇంటి దగ్గర రైలు లేదు. పిండి పోసి మూత పెట్టాక అది ఫోను పక్కన పడేసి, "పాట పాడు నాన్నా" అంది.

రొట్టె మాడిన ఆ ఆదివారం సాయంత్రం చిన్నతాతని బండెక్కించి, స్టేషను నుంచి ఖరిదా బజారు మీదుగా నడిచి వస్తున్నాం. నాయనమ్మ ఒక పచారీ కొట్టు ముందు ఆగింది. ఆ ఊళ్ళో ఆవిడ తనంతట తాను కొట్టు మెట్లెక్కడం అదే మొదలు. మినపపప్పు బస్తాలో చెయ్యి పెట్టి, గింజలు వేళ్ళ మధ్య రాసి చూసింది. కొట్టతను, "కోతో దేబో, మాశీమా?" అన్నాడు. ఎంత కావాలంటున్నాడని నేను చెప్పాను.

ఆవిడ చెయ్యి దులుపుకుంది. "వారం రొట్టికి ఎంతవుతాదో నువ్వు సెప్పు. ఏడాదికి ఎంతవుతాదో ఆణ్ణి లెక్కకట్టమను."

నాన్న రిక్షా పిలవడానికి వెళ్ళాడు.